ఈశాన్యంలో పొగగొట్టం

దేశం కాని దేశంలో ఇరవై ఏడేళ్లు హెర్న్‌డన్ అనే ఊరి చుట్టుపక్కల అటకలెక్కి, చలికాలం ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసులు బిగించాను, బాగుచేశాను. అన్నేళ్లలో మనవాళ్లెవరూ నా పని గురించి ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. పార్టీల్లో "ఏం చేస్తుంటారండీ?" అనేవాళ్లు. చెప్పగానే "ఓ, నైస్" అని సమోసా కోసం లేచి వెళ్లి, తిరిగొచ్చి వేరే సోఫాలో కూర్చునేవాళ్లు. ఒకాయన మాత్రం నామీద జాలిపడి, "పర్లేదండీ, మూడు నెలలు టెస్టింగ్ నేర్చుకుంటే మీరూ సెటిలైపోతారు" అని ధైర్యం చెప్పాడు. అప్పటికి నేను సెటిలై పదేళ్లయింది.

ఈ మధ్య గాలి మారింది. లేఆఫ్‌ల కబుర్లు మొదలయ్యాక నా సోఫా ఖాళీగా ఉండటం లేదు. మొన్న గుడి పార్కింగ్‌లో ఎమ్మెస్ చదివే కుర్రాడొకడు నన్ను పక్కకి తీసుకెళ్లి, ఎవరైనా వింటారేమో అన్నట్టు, "అంకుల్, మీ పని ఏఐ చేసేయగలదా?" అని అడిగాడు. జులైలో అటకెక్కడానికి ఒప్పుకుంటే చేయనీ, నాకేం అభ్యంతరం లేదన్నాను. నీ వీసాతో ఈ పని కుదరదు, లాయర్‌ని అడుగు అని కూడా చెప్పాను. కానీ ఇక్కడే పుట్టిపెరిగిన పిల్లలు ఇద్దరు నిజంగానే ఈ పని నేర్పే కోర్సులో చేరారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. లైసెన్సు పరీక్షలు, సర్టిఫికెట్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. దొరకనివి చెబుతాను. అందులో నేను ఇంతవరకూ సరిగ్గా ఎవరికీ చెప్పుకోలేకపోయిన తప్పు ఒకటుంది.

పని అంటే ఇంతే

ఫర్నేస్ అంటే ఒక రేకు పెట్టె. లోపల గ్యాస్ మండుతుంది. ఆ వేడి అందుకున్న గాలి గదుల్లోకి వెళుతుంది. మండగా మిగిలిన పొగ వేరే గొట్టంలోంచి ఇంటి బయటికి పోతుంది. కింద చోటు కలిసొస్తుందని చాలామంది బిల్డర్లు పై అంతస్తు ఫర్నేసుని అటకలో పెడతారు. గొట్టం అక్కణ్ణుంచి నిటారుగా లేచి, కప్పులో కంత గుండా ఆకాశంలోకి తేలుతుంది. వెచ్చటి గాలి ఇంట్లోకి, పొగ బయటికి. రెండూ కలవకూడదు. మన ఉద్యోగం మొత్తం ఇదే. మంట పెట్టడం ఎవరికైనా వచ్చు, పొగని సాగనంపడానికే మనకి జీతమిస్తారు.

పొగ అని అలవాటుకొద్దీ అంటున్నాను గానీ అది కంటికి కనపడదు, ముక్కుకి తెలియదు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే ముందు తలనొప్పి వస్తుంది, తర్వాత మత్తు వస్తుంది, ఆ తర్వాత మనిషి లేవడు. అందుకే ప్రతి పడకగది దగ్గరా అలారం పెడతారు. మామూలు మంట పొగకీ, ఈ కనపడని దానికీ రెండిటికీ మోగుతుంది, మనకి లేని ముక్కు దానికి ఉంది.

డేల్

నాకు పని నేర్పినవాడు డేల్. మంచి బాసు అని అబద్ధం చెప్పను. నా పేరు సుబ్బారావు అని చెబితే, పలకడానికి ఓపిక లేక మొదటిరోజే "సబ్" అని పెట్టేసుకున్నాడు. ఉగాదికి సెలవడిగితే మీవాళ్లకి జనవరిలో కొత్త సంవత్సరం రాదా అన్నాడు. కాఫీ ఎప్పుడూ తను ఒక్కడే తాగేవాడు.

నేను మొదటిసారి ఒంటరిగా బిగించిన గొట్టం చూడ్డానికి వచ్చి, అటక కంతలోంచి తల కూడా పైకెత్తలేదు. కిందనుంచే అడిగాడు.

"గొట్టం పొడుగునా చెయ్యి వేశావా?"

"చూశాను. బాగానే ఉంది."

"చూశావా అని నేను అడగలేదు."

మళ్లీ ఎక్కాను. దూది లాంటి ఇన్సులేషన్‌లో మోకాళ్లమీద పాకుతూ ఒక్కొక్క అతుకూ పట్టుకుంటూ వెళ్లాను. మూడో అతుకు నా చేతిలోకి ఊడి వచ్చింది. దిగి వచ్చేసరికి డేల్ కాఫీ పూర్తిచేసి ట్రక్కులో కూర్చున్నాడు. తిట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. తిడితే ఇంటికెళ్లి మర్చిపోయేవాణ్ణేమో. ఆ రోజు నుంచి మొదలు నుంచి చివరిదాకా చెయ్యి వేయకుండా నేను ఏ గొట్టాన్నీ బాగుందని అనలేదు. ఒక్క ఇంట్లో తప్ప.

మనవాళ్లతో వేగడం

తెల్లవాళ్ల ఇళ్లలో ఫర్నేస్ ఆగిపోతే ఫోన్ చేసి "ఆగిపోయింది" అంటారు. మనవాళ్లు అలా అనరు. ముందు నాలుగు వీడియోలు చూస్తారు. తర్వాత వాట్సాప్ గ్రూపులో పెడతారు. అక్కడ ఫర్నేస్ మొహం ఎరగని పదకొండుమంది థర్మోస్టాట్ మార్చమంటారు. ఆ తర్వాత మనల్ని పిలిచి, ఏం చేయాలో మనకే చెబుతారు.

శాంటా క్లారా నుంచి కొత్తగా మారి వచ్చిన ఒక ఆర్కిటెక్ట్ గారుండేవాడు. ఇళ్లు కట్టే ఆర్కిటెక్ట్ కాదు, సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్. ఆయనింటి ఫర్నేస్ మంచు పడిన ప్రతిసారీ ఆగిపోయేది. నేను వెళ్లేసరికి లాప్‌టాప్ తెరిచి స్లైడ్లు సిద్ధంగా పెట్టాడు. ఎప్పుడాగింది, బయట ఎంత చలి, ఇంట్లో ఎవరెవరున్నారు, అన్నిటికీ గ్రాఫులున్నాయి. నేను బయటికెళ్లి, ఆ రకం ఫర్నేస్‌కి పొగ పోవడానికి గోడలోంచి పెట్టే తెల్ల ప్లాస్టిక్ గొట్టం చూశాను. దాని మూతికి టీ వడకట్టే జాలీ వైరుతో కట్టి ఉంది. ఉడతలు దూరతాయని ఆయనే కట్టాడట. లోపల్నుంచి వచ్చే ఆవిరి ఆ జాలీమీద గడ్డకట్టి మూతి మూసుకుపోయింది. జాలీ విప్పి ఆయన చేతిలో పెట్టాను. "ఇది నోన్ ఇష్యూనా అండీ?" అన్నాడు. ఇప్పుడు తెలిసింది కదండీ అన్నాను.

ఆ ఫర్నేసుని నేను మెచ్చుకున్నాను. దారి మూసుకుపోగానే తనంతట తను ఆగిపోయింది. మీరు భయపడాల్సింది ఆగిపోయే ఫర్నేస్‌కి కాదు, తప్పు జరుగుతున్నా ఆగకుండా వెచ్చగా పనిచేసుకుపోయే ఫర్నేస్‌కి.

శ్రీకాంత్ ఇల్లు

రిటైరవడానికి ముందు చలికాలం సంగతి ఇది. శ్రీకాంత్ కరీంనగర్ వాడు, క్లౌడ్ కంపెనీలో పని. భార్య లావణ్య మా తెనాలి వైపు అమ్మాయి, నన్ను బాబాయ్ గారూ అని పిలుస్తుంది. కూతురు అనన్యకి ఆరేళ్లు. ఎన్నో ఏళ్లు అపార్ట్‌మెంట్లలో గడిపి ఆగస్టులో సొంత ఇల్లు కొన్నారు. తాళాలు చేతికొచ్చిన వారానికే శ్రీకాంత్ నుంచి ఫోన్.

"అంకుల్, రూఫ్ మీద పైప్ ఉంది కదా, ఫర్నేస్‌ది. అది షిఫ్ట్ చెయ్యాలె."

"ఏమైంది? కారుతోందా?"

"ఏం కాలే అంకుల్. ఈశాన్యంల ఉందంట. గురువుగారు ప్లాన్ చూసి చెప్పిండ్రు. ఈశాన్యంల పొగ ఉంటే ఉద్యోగానికి గండమంట. ఆగ్నేయంలకి పెట్టమన్నరు."

గురువుగారు హైదరాబాద్‌లో ఉంటారు. వీడియో కాల్‌లో వాస్తు చూస్తారు. నవ్వుకునేవాణ్ణే, కానీ అదే నెలలో శ్రీకాంత్ వీసా ఫైలు మీద ఇంకా కాగితాలు కావాలంటూ గవర్నమెంట్ నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త ఇల్లు, పాత భయం. అలాంటప్పుడు మనిషి గొట్టమే కాదు, కప్పే మార్చమంటాడు.

వెళ్లి చూశాను. ఫర్నేస్ నెత్తిన నిటారుగా, ముచ్చటగా వెళుతోంది గొట్టం. దాన్ని గురువుగారు చెప్పిన మూలకి తీసుకెళ్లాలంటే ముప్పై అడుగులు అడ్డంగా పాకించాలి. పైగా ఆ మూల చూరు దగ్గర కప్పు బాగా కిందికి దిగిపోతుంది. అంటే పొగ కిందికి జారుతూ వెళ్లాలి.

"పొగ పైకి పోతుంది నాయనా. కిందికి పొమ్మంటే ఇంట్లోకే వస్తుంది. నేను చేయను, ఎవరిచేతా చేయించకు" అన్నాను.

"సరే అంకుల్, మీరు చెప్పినంక ఇంకేంది" అన్నాడు. ఇంకేమీ లేదనుకొని నేను వచ్చేశాను.

పట్టుపంచె

అక్టోబరు మొదట్లో గృహప్రవేశం. ఎండ బాగానే ఉంది, ఇంకా ఎవరూ ఫర్నేసులు వేయలేదు. పట్టుపంచె కట్టుకొని వెళ్లాను. హోమం మొదలవ్వబోతుంటే పంతులుగారు కప్పువైపు అనుమానంగా చూశారు. అంతకుముందు వారం ఇంకొకరింట్లో పూర్ణాహుతి సమయానికి అలారాలు మోగి ఫైరింజను వచ్చిందట. ఈ దేశంలో ఉన్న మనవాళ్లందరికీ ఈ కథ ఒకటి ఉంటుంది, విరుగుడు కూడా ఒకటే. హోమానికి ముందు అలారాలు పీకేస్తాం.

"అంకుల్, మీ పనే కదా ఇది" అన్నాడు శ్రీకాంత్.

నా పనే. నిచ్చెన వేసి ఐదూ తిప్పి తీశాను. బ్యాటరీలు ఊడబెరికి, కొబ్బరికాయలు తెచ్చిన పసుపు సంచిలో వేసి, వంటింటి అరలో బియ్యం బస్తా పక్కన పెట్టాను. భోజనాలయ్యాక పెట్టేస్తానని నేనే చెప్పాను.

హోమమయ్యాక శ్రీకాంత్ నన్ను పైకి తీసుకెళ్లాడు. మొహం వెలిగిపోతోంది.

"అంకుల్, ఆ పైప్ పని అయిపోయింది. యాప్‌ల ఒకతను దొరికిండు, ఒక్క పూటల చేసిండు. జర చూసి చెప్పుండ్రి."

నేను వద్దన్న పని వేరేవాడితో చేయించి, నన్నే చూడమంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ కోపంలో ఏం చేయాలి? పంచె ఎగగట్టి అటకెక్కి, గొట్టం పొడుగునా పాకి, ఎక్కడెక్కడ తప్పుందో మొహాన చెప్పాలి. నేను ఫోన్ లైటు వేసి అటక కంతలోంచి తల మాత్రం పెట్టాను. కొత్త రేకు తళతళలాడుతూ చీకట్లోకి వెళుతోంది. గొట్టం మొదలు దగ్గర పసుపు కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ మిరపకాయలు వేలాడదీశారు. పట్టుపంచెకి ఇన్సులేషన్ అంటితే వదలదు. కింద గుత్తివంకాయ వాసన వస్తోంది.

"బాగానే ఉందిలే" అన్నాను.

ఎత్తిపొడుపుగా అన్నాననుకున్నాను. అతను సర్టిఫికెట్‌గా తీసుకున్నాడు. కిందికి దిగి, బూరెలు నాలుగు తిని, కారెక్కి ఇంటికొచ్చి పడుకున్నాను. పసుపు సంచి అక్కడే ఉండిపోయింది.

కిటికీల చెమట

డిసెంబరులో ఒక శనివారం పొద్దున లావణ్య ఫోన్ చేసింది.

"బాబాయ్ గారూ, మేడమీద కిటికీలన్నీ చెమట పట్టి నీళ్లు కారిపోతన్నాయండీ. హ్యూమిడిఫయర్ తగ్గించాలంటారా? ఈయన్నడిగితే తలనొప్పని పడుకున్నారు."

"తలనొప్పా? ఎన్నాళ్లనుంచి?"

"వారమైందండీ. నాక్కూడానూ. దిష్టని గుమ్మడికాయ కూడా కొట్టాం."

గ్యాస్ మండితే పొగతోపాటు బోలెడు నీటి ఆవిరి వస్తుంది. అది బయటికి పోవాలి. కిటికీలమీద కారుతోందంటే పొగ ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదు. తలుపులు తీసి అందరూ బయటికి వచ్చేయండి అని అరిచి, ఎలా నడిపానో తెలియకుండా వెళ్లాను. వాళ్లు ఇంకా గుమ్మం దాటలేదు. అనన్యకి స్వెటర్ తొడుగుతోంది లావణ్య. ఆ పిల్ల నన్ను చూసి అంది.

"తాతా, నాకు హెడ్ హర్ట్ అవుతుంది. స్కూల్‌లో అవ్వదు. ఓన్లీ హోమ్‌లో."

గుమ్మడికాయ కొట్టిన పెద్దవాళ్లకి అందని సంగతి ఆరేళ్ల పిల్ల ఒక్క ముక్కలో చెప్పింది. తలెత్తి చూస్తే హాల్లో అలారం ఉండాల్సిన చోట ఖాళీ చక్రం కనిపించింది. నేను తిప్పి తీసిందే.

పిల్లని ఎత్తుకొని బయటికి పరుగెత్తాను. శ్రీకాంత్‌ని ఇద్దరం లేపి నడిపించాం. అతను గోడ పట్టుకొని మెట్లు దిగాడు. ఫర్నేస్ స్విచ్ ఆపి, ఫైర్ వాళ్లకి ఫోన్ చేశాను. వాళ్లొచ్చి గాలిలో విషం కొలిచే మీటరు పట్టుకొని లోపలికెళ్లి, మాస్కులు తగిలించుకోడానికి వెంటనే వెనక్కొచ్చారు. ముగ్గుర్నీ ఆస్పత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి పంపేశారు. ఆ రాత్రి కూడా ఆ ఇంట్లోనే పడుకొని ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పింది, ఇక్కడ రాయను.

ఆస్పత్రికి బయల్దేరేముందు ఫైర్ ఆయన అడిగాడు, ఈ ఇంట్లో అలారాలేవి అని. శ్రీకాంత్ తల పట్టుకొనే జవాబు చెప్పాడు, పూజకి తీశాం, మళ్లీ పెట్టడం మర్చిపోయాం అని. మేం, మేం అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

గురువుగారి గెలుపు

సోమవారం అటకెక్కి మొదలు నుంచి చివరిదాకా చెయ్యి వేశాను. అక్టోబరులో వేయాల్సిన చెయ్యి. సగం దారిలో గొట్టం కిందికి వేలాడి అతుకు నోరు తెరిచి ఉంది, దానికి బహుమతి పొట్లానికి చుట్టినట్టు వెండిరంగు టేపు చుట్టారు. ఆ పక్కనే గదుల గాలిని వెనక్కి పీల్చుకునే డబ్బా, దాని అతుకులూ వదులే. అటకలో చేరిన పొగని అది పీల్చుకొని శ్రద్ధగా పడకగదులకి పంచింది.

పాత కంత తెరవడానికి కప్పెక్కాను. ఎనిమిదవుతోంది, సూర్యుడు అప్పుడే చెట్లమీదికి వచ్చాడు. డిసెంబరులో ఇక్కడ సూర్యుడు ఆగ్నేయం మూలనుంచే వస్తాడు. ఆ ఎండ తిన్నగా పాత కంత మీద పడుతోంది. కొత్త గొట్టం ఇంకో మూల నీడలో ఉంది. నాకు అనుమానమొచ్చి దిగి, గురువుగారికి పంపిన బిల్డర్ ప్లాన్ తెప్పించి చూశాను. ఆ కాలనీలో ఒకే ప్లాన్‌ని సగం ఇళ్లకి అద్దంలో బొమ్మలా తిరగేసి కట్టారు. వీళ్లది తిరగేసిన ఇల్లు. పాత గొట్టం మొదట్నుంచీ ఆగ్నేయంలోనే ఉంది. వేలు ఖర్చుపెట్టి దాన్ని తీసుకెళ్లి సాక్షాత్తూ ఈశాన్యంలో పెట్టారు.

ఈ సంగతి తెలిసి గురువుగారు సిగ్గుపడ్డారని మీరనుకుంటే మనవాళ్ల గురించి మీకు తెలియదు. "చూశారా! ఈశాన్యంలో పొగ పెడితే ఏమవుతుందో నేను ముందే చెప్పానా లేదా?" అన్నారట వీడియోలో. పైగా శాంతి హోమం చేయించమన్నారు.

విస్తరి

జనవరిలో శాంతి హోమం పెట్టారు. అప్పటికి నా పేరు ఊళ్లో మారుమోగిపోతోంది. ముగ్గురి ప్రాణాలు కాపాడిన సుబ్బారావు అంకుల్. ఒకప్పుడు నైస్ అని లేచిపోయినవాళ్లు నాకు సోఫా ఖాళీచేసి ఇచ్చారు. హోమానికి ముందు అలారాలు మళ్లీ నేనే తీశాను. అయ్యాక శ్రీకాంత్ మైకు పట్టుకొని, శాలువా కప్పి, దేవుడు అన్నంత పని చేశాడు. అందరూ ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు.

ఆ శాలువా నా ఒంటిమీద ముళ్లలా గుచ్చుకుంది. మైకు తీసుకున్నాను.

"అక్టోబరులో అలారాలు తీసింది నేను. పెట్టకుండా భోంచేసి వెళ్లిపోయింది నేను. గొట్టం సరిగా చూడకుండా బాగుందని చెప్పింది కూడా నేనే. వీళ్లకి ఆ గతి పట్టించింది నేను."

వెనకనుంచి ఎవరో "అబ్బ, ఎంత సింప్లిసిటీ అండీ" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. శ్రీకాంత్ కళ్లు తుడుచుకొని నన్ను కౌగిలించుకున్నాడు. "పెద్ద మనసు అంకుల్ మీది" అన్నాడు. నిజం చెప్పి ఇంత ఓడిపోయినవాణ్ణి నేను ఇంకెవర్నీ చూడలేదు.

లావణ్య చప్పట్లు కొట్టలేదు. అనన్య భుజమ్మీద చెయ్యి వేసి నావైపే చూస్తూ నిలబడింది.

భోజనాలకి నన్ను మొదటి వరసలో కూర్చోబెట్టారు. లావణ్య వచ్చి నా ముందు విస్తరి వేసి, నీళ్లు చల్లింది. అన్నం గిన్నె చేతిలో ఉంది. వడ్డించలేదు.

"బాబాయ్ గారూ" అంది మెల్లగా, పక్కవాళ్లకి వినపడకుండా. "ముందు అవి పెట్టి రండి."

లేచాను. పంచె ఎగగట్టి నిచ్చెన వేశాను. ఒక్కొక్క అలారాన్నీ బిగించి బటన్ నొక్కాను. అది కీచుమన్నప్పుడల్లా కింద మాటలాగి, మళ్లీ మొదలయ్యేవి. ఐదోది అనన్య గది ముందు. నొక్కాను, మోగింది. దిగి వచ్చి చేతులు కడుక్కొని విస్తరి ముందు కూర్చున్నాను. అప్పుడు వడ్డించింది.